స్వరానికి ముందు ఖాళీ

ఊరికే వచ్చిన వస్తువును అనుమానించడం, డబ్బు పోసి కొన్న వస్తువును నమ్మడం వివేకమని ఆ ప్రార్థనాలయం కమిటీ భావించేది. కమిటీలో ఉన్నవాళ్లందరూ మగవాళ్లు. నేల తుడిచేవాళ్లు, తెరలు ఉతికి ఇస్త్రీ చేసేవాళ్లు, పాడేవాళ్లలో ముప్పాతిక వంతు, ఆర్గాన్ వాయించే మనిషి, వీళ్లంతా ఆడవాళ్లు. వీళ్లలో ఎవరికీ జీతం లేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాకపోవడం వల్ల ఎవరికీ నష్టం కలగలేదు, ఆ ఆడవాళ్లకు తప్ప.

ఆర్గాన్ వాయించే ఆవిడను గాయకబృందం ఆమె వెనకాల దిద్దుబాటమ్మ అని పిలిచేది. ఎదుట కూడా అలాగే పిలిచేది. ఆమె పట్టించుకునేది కాదు. న్యాయశాస్త్ర గ్రంథాలు అచ్చువేసే ముద్రణాలయంలో ప్రూఫులు దిద్ది ఉద్యోగ విరమణ చేసిన మనిషి. భర్త పోయిన తర్వాత మరిది ఇంటి మేడ మీది రెండు గదుల్లో ఉంటోంది. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, వాక్యాలు పొట్టివవుతాయి. వాక్యాలు పొట్టివయ్యాయంటే పిల్లి కూడా గది వదిలి పోతుందని తోడికోడలు అంటుండేది.

ఆమె వాయించే పైపు ఆర్గాన్ నిర్మాణమే ఒక తిరకాసు. కీబోర్డుల బల్ల హాలు ముందు భాగంలో, వేదిక పక్కన, గాయకబృందానికి చేరువలో ఉంది. గొట్టాలు మాత్రం హాలుకు ఆ చివర, ప్రవేశద్వారం పైనున్న బాల్కనీలో ఉన్నాయి. ఇక్కడ కీ నొక్కితే, నేల కింద వేసిన సన్నటి సీసపు నాళాల గుండా గాలి ఆ చివరకు వెళ్లి, గొట్టం కింది మూత తెరిచి, దాన్ని మోగించి, ఆ మోత మళ్లీ హాలంతా దాటి వచ్చి వాయించే మనిషి చెవిలో పడాలి. వేలికీ చెవికీ మధ్య ఒక రెప్పపాటు. కొత్తగా కూర్చున్నవాళ్లు తాము నొక్కింది వినబడేదాకా ఆగుతారు. ఆగితే మరుసటి స్వరం ఇంకాస్త వెనకబడుతుంది. రెండు చరణాలు దాటేసరికి పాట నత్తనడక పట్టి చతికిలబడుతుంది. దిద్దుబాటమ్మ తన యౌవనంలోనే ఒక నిర్ణయానికి వచ్చింది: వాయించేటప్పుడు వినకూడదు. గానం మాస్టారి చెయ్యి పైకి లేవడం చూసి, అది కిందికి దిగకముందే నొక్కాలి. ఆ చెయ్యి దిగే వేళకు స్వరం వచ్చి సరిగ్గా అందులో వాలుతుంది. ముప్పై ఏళ్లపాటు ఆమె అలాగే, చెవులను ఇంట్లో వదిలి వచ్చినట్టు వాయించింది. బృందం ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ ఆర్గాన్ ఇప్పుడు చివరి దశలో ఉంది. గొట్టాలకు గాలి ఊదే తిత్తుల తోలు చిరిగింది. కుట్టించారు, అతికించారు, ఆఖరికి సైకిలు ట్యూబు ముక్కలు కూడా వేశారు. బాగుచేసేవాడు దొరకలేదు; దొరికిన ఒక్కడూ ఆర్గాన్‌ను చుట్టూ తిరిగి చూసి, తన వయసు చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. బాల్కనీ దూలాలు ఇంక ఆ బరువు మోయలేవని ఇంజనీరు తేల్చాడు. గొట్టాలను దించి తుక్కు వ్యాపారికి అమ్మేయాలని, వాటి స్థానంలో వర్చువల్ పైపు ఆర్గాన్ పెట్టాలని కమిటీ తీర్మానించింది.

వర్చువల్ ఆర్గాన్‌లో గొట్టాలుండవు. ఎక్కడో ఉన్న అసలు ఆర్గాన్‌లోని ప్రతి గొట్టాన్నీ విడివిడిగా మోగించి రికార్డు చేస్తారు. కీ నొక్కగానే సాఫ్ట్‌వేర్ ఆ గొట్టం తాలూకు రికార్డును స్పీకర్లలో వదులుతుంది. ఇటువంటి సాఫ్ట్‌వేర్లలో డబ్బిచ్చి కొనేవి ఉన్నాయి, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. కమిటీ కొత్త కీబోర్డులూ, పెడళ్లూ, కంప్యూటరూ, స్పీకర్లూ కొన్నది. సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చి ఆగింది.

ఈలోగా దిద్దుబాటమ్మ ఎవరినీ అడగకుండా ఒక పని మొదలుపెట్టింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తన గదిలోని కంప్యూటరులో ఎక్కించింది. అది మొదట మొరాయించింది. దాన్ని రాసినవాళ్లు జీతం లేకుండా, దేశానికొకరుగా ఉండి రాసినవాళ్లు. ఆమె అడిగిన సందేహానికి వాళ్లలో ఒకరు, జవాబు ఇదివరకే ఉన్నచోట వెతక్కుండా అడిగినందుకు ముందు మందలించి, తర్వాత ఓపిగ్గా విడమరిచి రాశారు. ఆ పద్ధతి ఆమెకు నచ్చింది. తిత్తులు ఇంకా ఊపిరి పీల్చగలిగిన ఆ కొన్ని వారాలూ, మధ్యాహ్నం పూట హాలుకు లోపల గడియ పెట్టుకొని, మందిరంలోని ఆర్గాన్ స్వరాలన్నిటినీ ఒక్కొక్కటిగా రికార్డు చేసింది. ఒక మైకు కీబోర్డు దగ్గర, మరొకటి గొట్టాల దగ్గర. తోడికోడలు బాల్కనీలో తిత్తి చిరుగు మీద తడిగుడ్డ అదిమి పట్టుకొని కూర్చునేది.

"అక్కా, నాకు తుమ్మొస్తోంది," అని పైనుంచి అరిచేది.

"ఆపుకో."

"తుమ్మును ఆపుకుంటే ఆయుష్షు తగ్గుతుందంటారు."

"ఆర్గాన్‌ది తగ్గిపోయింది. నీది కాస్త తగ్గితే ఏం?"

ఇంటికి వచ్చాక ఆ రికార్డులను కోసి ఫైళ్లు చేయడం దిద్దుబాటమ్మ పని. కీబోర్డు దగ్గరి మైకులో కీ నొక్కిన చప్పుడు టిక్కుమని వినబడేది. సరిగ్గా ఆ చప్పుడు దగ్గర కోసేది. ఒక్క ఫైలులో కూడా వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు.

మరిది నీళ్ల ఫిల్టర్ల వ్యాపారి, కమిటీ కార్యదర్శి. ఏడాది సర్వీసు కాంట్రాక్టు లేని వస్తువును ఆయన వస్తువుగా లెక్కపెట్టడు. ఒక సాయంత్రం వదినను కింది గదికి పిలిచి కూర్చోబెట్టాడు.

"వదినా, మీ కష్టాన్ని నేను కాదనట్లేదు. కానీ ఊరికే వచ్చేదాంట్లో ఏదో మతలబు ఉంటుంది."

"ఏం మతలబు?"

"తెలిస్తే అది మతలబెందుకవుతుంది? పిండి కొద్దీ రొట్టె. కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడు. మీ ఉచితంవాళ్లకి చేస్తే ఎవరు పలుకుతారు?"

"రాస్తే పలుకుతారు. ముందు తిడతారు. తర్వాత బాగుచేస్తారు."

భర్త చొక్కాకు బొత్తాం కుడుతున్న తోడికోడలు దారం కొరికి అంది: "ముందు తిట్టి తర్వాత కూడా బాగుచేయనివాళ్లని చూశాం గానీ, బాగుచేసేవాళ్లు కూడా ఉన్నారన్నమాట."

మరిది ఆ మాట విననట్టు నటించాడు. "కంపెనీవాళ్లిచ్చేది పేద్ద కెథెడ్రల్ ఆర్గాన్ వదినా. వేల గొట్టాలు! మన తాతలు కూడా కని విని ఎరగరు."

"ఏటా లైసెన్సు కట్టాలి. కట్టడం మానేస్తే మూగబోతుంది. ఆ ఫైళ్లు ఇంకెక్కడా తెరుచుకోవు. నేను ఎక్కించింది మన ఆర్గాన్."

"సరే, మనదే. రేపు మీకు జ్వరమొస్తే దాన్ని చూసేదెవరు? మీ తర్వాత వాయించేదెవరు?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకునేవాళ్లు కూడా అప్పుడప్పుడు సరైన ప్రశ్నే వేస్తారు. అది దిద్దుబాటమ్మకు నచ్చే విషయం కాదు, అయినా సరైన ప్రశ్నను తప్పని అనడం ఆమెకు చేతకాదు.

ఆ గదిలో ఉన్న ముగ్గురికీ ఒక సంగతి తెలుసు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కమిటీ ఒక్క సాఫ్ట్‌వేర్‌కే ఒప్పుకుంటుంది. తుక్కు వ్యాపారి అప్పటికే బయానా ఇచ్చిపోయాడు. గొట్టాలు కరిగిపోయాక ఆ స్వరాలు మిగిలేది దిద్దుబాటమ్మ ఫైళ్లలోనే. కమిటీ కాదంటే అవి మేడ మీది గదిలో, ఒక ముసలావిడ కంప్యూటరులో, వినే దిక్కు లేకుండా పడి ఉంటాయి. ఆమె తర్వాత ఆ కంప్యూటరూ తుక్కు కిందికే పోతుంది.

చివరికి పరీక్ష పెడదామన్నారు. ఆదివారం ప్రార్థన ముగిశాక, గాయకబృందం ఒకే పాటను రెండింటితోనూ పాడుతుంది. "రెండూ మా వదినే వాయిస్తుంది. ఎప్పటికీ వాయించేది ఆవిడేగా, ఎవరికీ అన్యాయం జరిగిందన్న మాట రాదు," అని మరిదే నియమం పెట్టాడు. ఆ నియమం న్యాయమైనదని అందరూ మెచ్చుకున్నారు.

ఆదివారం కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. సంగీత కళాశాలలో ఆర్గాన్ నేర్చుకొని, దానితో బతకడం కుదరక, డెమో ఉన్న రోజున పిలిస్తే వచ్చి పనిచేస్తుంది. మాట తక్కువ. కేబుళ్లు కలిపి, రెండు సాఫ్ట్‌వేర్లనూ ఒకే కంప్యూటరులో సిద్ధం చేసి, పక్కకు తప్పుకొని నిలబడింది. "మేడమ్ రికార్డు చేసిన ఆర్గాన్ కూడా మాదాంట్లో ఎక్కుతుంది సార్, కాకపోతే పై రకం లైసెన్సు కావాలి," అని నిజాయితీగా చెప్పింది. మరిది ధర అడిగి, "ముందు కింది రకంతో కానిద్దాం," అన్నాడు.

మొదట ఉచితంది. మాస్టారి చెయ్యి లేచింది, దిగింది. స్వరం వచ్చి అందులో వాలింది. నాలుగు చరణాలూ నల్లేరు మీద బండిలా సాగిపోయాయి. స్పీకర్లు గాయకబృందం వెనకే ఉన్నా, కమిటీ పెద్దాయన అలవాటుకొద్దీ తల తిప్పి బాల్కనీ వైపు చూశాడు.

తర్వాత డబ్బుది. మొదటి స్వరమే మాస్టారి చెయ్యి ఇంకా గాల్లో ఉండగా మోగింది. కొందరు ఆర్గాన్‌తో మొదలుపెట్టారు, కొందరు చేతితో మొదలుపెట్టారు. రెండో చరణానికి పై స్థాయిలో పాడే సొప్రానోలు ఒక మాట దగ్గర, మగ గొంతులు మరో మాట దగ్గర ఉన్నాయి. దిద్దుబాటమ్మ కళ్లు మాస్టారి చేతి మీదే నిలిచి ఉన్నాయి. ఆమె తన జీవితమంతా చేసిందే చేస్తోంది. మాస్టారు చెయ్యి దించేశాడు.

"ఎక్కడికమ్మా ఆ పరుగు? బస్సేమైనా పోతోందా?"

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అలాగే అయింది. మూడోసారి ఎవరూ అడగలేదు.

"ఇంత ఖరీదైంది ఇలాగా మోగేది?" అన్నాడు కమిటీ పెద్దాయన, మోసాన్ని తానే పట్టుకున్నంత తృప్తిగా.

మరిది ముఖం ఎర్రబడింది. "ఆడలేక మద్దెల ఓడన్నారని విన్నాం. మా వదిన ఆడగలిగీ మద్దెలను ఓడు చేసింది."

"కావాలని చేయలేదు," అంది దిద్దుబాటమ్మ. "ఎందుకలా అయిందో తెలీదు. తెలుసుకుంటాను."

నిర్ణయం బుధవారం సమావేశంలో జరగాలి కాని, ఉచితందే గెలిచిందన్న సంగతిలో ఎవరికీ సందేహం లేదు. జనం వెళ్లిపోతుండగా కంపెనీ అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మీది నేనొకసారి వాయించొచ్చా?"

కూర్చొని వాయించింది. నాలుగు స్వరాలకే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. చెప్పులో రాయి ఉన్న మనిషి నడిచినట్టుంది ఆ వాయించడం. అప్పుడు తెర మీద ఒక ఫైలును తెరిచి పెద్దది చేసింది. స్వరం ఒక దట్టమైన పట్టీలా కనబడుతోంది. దానికి ముందు ఒక సన్నటి గీత, తిన్నగా, నిశ్శబ్దంగా.

"మీరెక్కడ కోశారు మేడమ్?"

"కీ చప్పుడు దగ్గర. స్వరం మొదలయ్యేది అక్కడేగా."

"మీకు అక్కడ మొదలవుతుంది," అంది అమ్మాయి. ఆ సన్నగీత వెంబడి వేలు జరిపి పట్టీ అంచున ఆపింది. "వినేవాళ్లకి ఇక్కడ."

దిద్దుబాటమ్మ కళ్లజోడు సర్దుకొని చూసింది. మరొక ఫైలు తెరవమంది. ఇంకొకటి తెరవమంది. అన్నిట్లోనూ ఆ గీత ఉంది. ఎవరైనా గొట్టం మోగిన చోట కోస్తారు. ఆమె వేలు పడిన చోట కోసింది. సీసపు నాళాల్లో గాలి నడిచిన ఆ రెప్పపాటును, ఆర్గాన్ జబ్బును, స్వరంలో భాగమనుకొని పదిలంగా దాచింది. ఇంకెవరైనా అయితే మొదటి రోజే పట్టుకునేవాళ్లు. ఆమె చేతికి మాత్రం అది లోపంగా తగలలేదు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు కళ్లజోడును చూడరు.

"అందుకే మీరు మాదాంట్లో ముందుకెళ్లిపోయారు. అందులో ఖాళీ లేదు."

"మావాళ్లకి చెబుతావా?"

"పరీక్షలో పోయిందని మా కంపెనీకి చెప్పుకోవాలి. ఎందుకు పోయిందో మీ కమిటీకి చెప్పమని నన్నెవరూ అడగలేదు మేడమ్." కేబుళ్లు చుట్టి సంచిలో పెట్టుకొని, నమస్కారం చేసి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం తోడికోడలు మేడ మీదికి వచ్చేసరికి దిద్దుబాటమ్మ కంప్యూటరు ముందుంది. జరిగింది అంతా చెప్పింది. తోడికోడలు మంచం అంచున కూర్చొని, తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"చెప్పకు అక్కా. గెలిచావు కదా."

"గెలిచింది నేను కాదు. నా తప్పు గెలిచింది."

"ఏ తప్పైతే ఏం? మనకి సరిపోయింది. నా పెళ్లి జాకెట్టు కూడా కొలత తప్పే కుట్టారు, పాతికేళ్లు వేసుకోలేదూ?"

"రేపు నాకు జ్వరమొస్తే ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నా పాట కూలిపోతుంది. అప్పుడు మీ ఆయన ఏమంటాడు?"

"ఏమంటారు, ఉచితం గదా, ఇంతేనంటారు."

"అంటాడు. అనడం తప్పు కాదు కూడా. అప్పుడు మన ఆర్గాన్‌ను పీకి పారేస్తారు. గొట్టాలు కూడా ఉండవు అప్పటికి."

ఈ మనిషి మింగలేక కక్కలేక ఉన్నదనుకుంది తోడికోడలు. ఇక్కడ చూస్తే మింగడం, కక్కడం రెండూ అయిపోయి, పని మొదలైంది.

ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లకు తాళాలు లేవు. దిద్దుబాటమ్మ చీకటి పడేలోపు అన్ని ఫైళ్ల ముందున్న ఖాళీనీ కోసేసింది. తర్వాత చిన్న కీబోర్డు ముందు కూర్చొని వాయించి చూసుకుంది. స్వరం వేలి కిందే పేలినట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆదివారం కంపెనీదాన్ని కూడా ఆమె వినకుండానే వాయించింది; ముప్పై ఏళ్లలో తాను నొక్కిన దాన్ని నొక్కిన క్షణంలోనే వినడం అదే మొదటిసారి. అది ఆమెకు అసభ్యంగా తోచింది, మాట పూర్తికాకుండా జవాబు చెప్పే మనిషిలా.

బుధవారం సమావేశం మందిరం వెనక గదిలో జరిగింది. కుర్చీలు చాలక గాయకబృందం గోడ వెంబడి నిలబడింది. దిద్దుబాటమ్మ లేచి, పరీక్ష చెల్లదంది. కారణం చెప్పింది. ఎక్కడ కోసిందో, ఎందుకు కోసిందో, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదని, లోపం తన ఫైళ్లలోనూ తన చేతిలోనూ ఉన్నదని చెప్పింది. ఇప్పుడు ఫైళ్లను దిద్దానంది. "చెయ్యి దిద్దుకోలేను. అందుకని మళ్లీ పరీక్ష పెట్టండి. ఈసారి రెండూ ఆ అమ్మాయి వాయిస్తుంది."

ఓడినవాళ్లు మళ్లీ పరీక్ష అడగడం లోకంలో ఉన్నదే. గెలిచినవాళ్లు అడగడం కమిటీకి కొత్త. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. మరిది వదిన వంక చాలాసేపు చూసి, "మద్దెల మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు.

మరుసటి ఆదివారం, ఈసారి కమిటీయే డబ్బిచ్చి పిలిపించిన ఆ అమ్మాయి రెండూ వాయించింది. ఒకదాన్ని బాగా, మరొకదాన్ని ఓ మాదిరిగా వాయించే పాపానికి ఒడిగట్టలేదు. రెండింటితోనూ బృందం తూచినట్టు పాడింది. తేడా మరోచోట తేలింది. కెథెడ్రల్ ఆర్గాన్ రికార్డులో ఆ కెథెడ్రల్ ప్రతిధ్వని కూడా ఉంది. ఈ హాలు ప్రతిధ్వని ఈ హాలుకు ఉండనే ఉంది. "ఒక మాట దిగేలోపు ఇంకో మాట దాని నెత్తినెక్కి కూర్చుంటోంది," అన్నాడు మాస్టారు. ప్రతిధ్వని లేని రకం కూడా దొరుకుతుందని, దానికి వేరే డబ్బు కట్టాలని అమ్మాయి చెప్పింది. మరిది ముఖం చూసి బృందంలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పటికప్పుడే వెనక గదిలో సమావేశమై, ఉచితందే ఉండాలని కమిటీ తీర్మానించింది. ఆ స్వరాలు తమవి కావడం వల్ల కాదు. ఎవరు కూర్చున్నా లొంగుతుందని ఇప్పుడు రుజువైంది గనుక, డబ్బు అక్కర్లేదు గనుక. కారణాలు ఏమైనా దిద్దుబాటమ్మకు అభ్యంతరం లేదు. ఆర్గాన్ దక్కింది.

"ఇక వాయించడం ఎప్పటిలాగే అమ్మగారే," అన్నాడు పెద్దాయన, కాగితాలు మడుస్తూ. "ఆ ఖాళీ ఏదో మీకు కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చటగా?"

"పెట్టుకోవచ్చు. ఒక అంకె మార్చితే చాలు. ఈ అమ్మాయికి ఈ ఆదివారానికి ఎంతిచ్చారు?"

పెద్దాయన చెప్పాడు.

"నాకూ అంతే ఇవ్వండి. వచ్చే ఆదివారం నుంచి."

మరిది నవ్వబోయి, వదిన వాక్యాల పొడవు గమనించి, మానుకున్నాడు.

"ఇంట్లో మనిషికి జీతమేంటి వదినా? ఇది సేవ కదా!"

"మందిరానికి నీళ్ల ఫిల్టరు పెట్టింది నువ్వు. అది సేవేనా?"

"అది... దానికి సర్వీసు కాంట్రాక్టు ఉంది."

"మావారు సేవకి కూడా రశీదు ఇస్తారక్కా, తెలీదా?" అంది గోడ దగ్గరినుంచి తోడికోడలు. ఈసారి నవ్వు కిసుక్కుమనే దగ్గర ఆగలేదు.

"ఊరికే రాసిన సాఫ్ట్‌వేర్‌లో మతలబు ఉంటుందన్నావు," అంది దిద్దుబాటమ్మ మరిదితో. "ఊరికే వాయించే మనిషిలో ఎన్నడూ కనబడలేదా? రాసినవాళ్లు అందరికీ ఇద్దామని ఎంచుకొని ఇచ్చారు. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

ఆలోచించి చెబుతామన్నారు. వారం తిరిగేలోపు ఆలోచించారు. ఇన్నాళ్లూ ఊరికే వచ్చిన మనిషికి ఉన్నట్టుండి డబ్బివ్వడం చూడ్డానికి బాగుండదని, ఆ అమ్మాయికైతే కళాశాల పట్టా ఉంది గనుక, లైసెన్సు కోసం తీసిపెట్టిన డబ్బులోంచి ఆదివారం ఆదివారం ఆమెకే ఇవ్వవచ్చని నిర్ణయించారు. అమ్మగారిని గౌరవ సలహాదారుగా ప్రకటిస్తారట. ఆ కబురు మోసుకొచ్చిన మరిది మేడ మెట్ల మీదే నిలబడ్డాడు.

"నేను మీకే ఇవ్వమన్నాను వదినా. నిజంగానే అన్నాను. నలుగురిలో నా ఒక్కడి మాట చెల్లలేదు."

"గౌరవం వద్దని చెప్పు. బెంచీకి జీతం వచ్చిందిగా. చాలు. ఇక మీదట ఎవరు కూర్చున్నా ఇవ్వాలి."

"మీరు మానేసినట్టేనా?"

"మానేశాను."

అతడు ఇంకా ఏదో అనబోయాడు. కింద నుంచి భార్య పిలిస్తే దిగి వెళ్లిపోయాడు.

గొట్టాలను తీసుకెళ్లే రోజున దిద్దుబాటమ్మ మందిరం ఆవరణలో ఉంది. తాళాలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. అప్పగించమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. తుక్కు వ్యాపారి మనుషులు గొట్టాలను పొడవువారీగా లారీలోకి ఎక్కించారు. పెద్దవాటిని కట్టెల్లా పేర్చారు. చిన్నవి గోనెసంచుల్లో గలగలలాడుతూ వెళ్లాయి. వ్యాపారి తూకం చూసుకొని, లారీ తలుపు వేయించి, ముందు సీటు ఎక్కబోతూ ఆగాడు. లోపలినుంచి ఆర్గాన్ వినబడుతోంది. అమ్మాయి ఆదివారం పాటలు సాధన చేసుకుంటోంది.

వ్యాపారి దిగి వచ్చాడు. "ఏంటమ్మా ఇది? అన్నీ ఇచ్చేశామన్నారు. లోపల ఇంకో సెట్టు దాచుకున్నారా?"

"లేదు."

"నేను పాతిక గుడుల్లో ఇత్తడీ తగరం ఎత్తాను. నా చెవిని మోసం చేయలేరు. అది గొట్టమే. మంచి తగరం."

దిద్దుబాటమ్మ తాళాల గుత్తి తీసుకొని ముందు నడిచింది. బాల్కనీ మెట్ల తలుపు తెరిచి అతణ్ని పైకి పంపింది. అతడు ఖాళీ చెక్కల మధ్య అటూ ఇటూ నడిచాడు, గోడను పిడికిలితో కొట్టి చూశాడు, సీసపు నాళాలు తెగిన చోట వంగి కిందికి చూశాడు. హాలంతా మోగుతూనే ఉంది. దిగి వచ్చేసరికి అతడి మోచేతులు దుమ్ముకొట్టుకుపోయాయి.

"ఎక్కణ్నుంచి వస్తోందమ్మా అది?"

ఆమె ముందువైపు స్పీకర్లు చూపించింది. అతడు వాటి దగ్గరదాకా వెళ్లి, వెనక్కి తొంగిచూసి, చెయ్యి పెట్టి తడిమాడు. ఆ అమ్మాయి వాయించడం ఆపలేదు. అతడు తిరిగొచ్చి, అమ్మేవాళ్లు ఏదో దాచారన్న అనుమానం పూర్తిగా పోకుండానే లారీ ఎక్కాడు.

లారీ గేటు దాటాక దిద్దుబాటమ్మ బాల్కనీ మెట్ల తలుపుకు తాళం వేసింది. ప్రవేశద్వారం మాత్రం తెరిచే ఉంచింది.